మూరకందని పూలు

చేబ్రోలులో పువ్వుకి కొలత ఉంది. మల్లెలు మూర లెక్క, బంతిపూలు కిలో లెక్క, తామరలు ఒక్కొక్కటి లెక్క. గుడి ముందు బుట్ట పెట్టుకుని కూర్చునే మామ్మ మోచేతి నుంచి వేలికొస దాకా దండ సాచి, పైన వేలెడు వదిలి, పుటుక్కున దారం తుంచుతుంది. ఆ మూర ఆమె మూరే. కొనేవాడి చెయ్యి ఎంత పొడుగైనా లెక్కలోకి రాదు.

ఈ కథలో ఉన్న పెద్దమనిషి ఆ మూరల మధ్యే పుట్టి పెరిగాడు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక కెమెరా, దానికో మాక్రో లెన్సు కొన్నాడు. ఇంట్లోవాళ్లు మనవల ఫోటోలు తీస్తాడనుకున్నారు. ఆయన పెరట్లో చీమలతో మొదలుపెట్టి పూల మీద పడ్డాడు. కొన్నాళ్లకి పెరడు అయిపోయింది. ఊళ్లో పూలన్నీ ఎవరో ఒకరు నాటినవే, ఎవరో ఒకరికి అమ్ముడుపోయేవే అనిపించింది. ఎవరూ విత్తనం వెయ్యని పువ్వు, ఎవరూ నీళ్లు పొయ్యని పువ్వు ఎక్కడుంటుందని అడిగితే తెలిసిన వృక్షశాస్త్రం లెక్చరరొకరు పడమర వైపు చెయ్యి చూపించారు. అనంతపురం వైపు వెళ్లండి, రాళ్ల గుట్టలు ఎక్కండి, వానలు పడ్డాక వెళ్లండి అన్నారు.

గుంటూరు–పొన్నూరు దారిలో ఉన్న చేబ్రోలుకి రాళ్ల గుట్టలంటే పెద్ద పరిచయం లేదు. నేల చదును, మట్టి నలుపు. తలెత్తి చూడాల్సినవి గుడి గోపురాలే. కాస్త కొండ అనిపించుకునేది వడ్లమూడి దగ్గర క్వారీ ఉన్న గుట్ట. శివరాత్రికి బాలకోటేశ్వరస్వామి తిరునాళ్లకి వెళ్లినప్పుడు తప్ప దాన్నీ ఎవరూ కొండగా లెక్కచెయ్యరు. ఇలాంటి చోట పువ్వు మన తేదీలకి వస్తుంది. దసరాకి బంతి, కార్తీకానికి చేమంతి, వేసవి పెళ్లిళ్లకి మల్లె. ముహూర్తం పెట్టేది మనం, పూసేది అది.

ఆంధ్రప్రదేశ్ 2018లో మల్లెను రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకుంది. తెలంగాణ 2014లోనే తంగేడును ఎంచుకుంది. ఒకరిది మూరేసి అమ్మే పువ్వు, ఒకరిది బతుకమ్మ రోజుల్లో గుట్టల మీదికి వెళ్లి కోసుకొచ్చే పువ్వు. కొలతా బేరమూ ఎరగని ఆ రెండో రకాన్ని వెతుక్కుంటూ చేబ్రోలు మనిషి గుంటూరులో రైలెక్కాడు.

ఆ రైలు దారి నరసరావుపేట, గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర నల్లమలలోకి దూరుతుంది. బొగద సొరంగం వచ్చేసరికి పెట్టెలో పిల్లలు కేకలు పెడతారు. కిటికీలోంచి చూస్తే అడవి. ఇది చెంచుల సీమ. వేసవి మొదట్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద రాలిన పూలు ఏరుకుంటారు వాళ్లు. ఇప్పపువ్వు రాత్రి విచ్చి తెల్లారేసరికి తనే రాలుతుంది, కొయ్యక్కర్లేదు.

చెంచుల పేరు చేబ్రోలు మనిషికి చిన్నప్పటి నుంచీ తెలుసు, కాకపోతే మరో రకంగా తెలుసు. చేబ్రోలులో కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉంది. గర్భగుడిలో శివలింగానికి నాలుగు పక్కలా బ్రహ్మ మూర్తులుంటాయి. కట్టించినవాడు అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. దోపిడీలు చేస్తున్నారని చెంచులను విందుకని పిలిపించి నరికించాడనీ, అది జరిగిన ఊరే నరుకుళ్లపాడు అయిందనీ, తర్వాత తిన్నది అరక్క, కంటికి నిద్ర రాక పాపపరిహారంగా గుళ్లు కట్టించాడనీ జనం చెప్పుకుంటారు. చేబ్రోలు గుడినీ ఆ కోవలోనే చెబుతారు. కథలో ఎంత చరిత్రో పక్కనపెడితే, ఆయన చిన్నప్పుడు కోనేటి మెట్ల మీద కూర్చుని పెసలు తింటూ విన్న కథ అది. చెంచులంటే ఆ కథలో చనిపోయేవాళ్లే. వాళ్లకి ఒక అడవి, అందులో ప్రతి దుంపకీ ప్రతి పువ్వుకీ ఒక పేరు ఉంటాయని రైలు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు గానీ తట్టలేదు.

గుంతకల్లు, ధర్మవరం దాటి పెనుకొండ. తళ్లికోట యుద్ధం తర్వాత 1565లో విజయనగర రాజులు తరలివచ్చి రాజధాని చేసుకున్న ఊరు. కొండ మొత్తం బోడిరాళ్లు, వాటి మీద శిథిలమైన బురుజులు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ పడిన ఏడాది. దేశంలో జైసల్మేరు తర్వాత మాదేనని అక్కడివాళ్లు నిట్టూర్పుతో కలిపి చెబుతారు. అదే జిల్లాలో హగరి ఒడ్డున బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గరైతే పొలాల్లోకి నడిచొచ్చే ఇసుక దిబ్బలే ఉన్నాయి. పెనుకొండ గుట్టలు అచ్చమైన ఎడారి కాకపోవచ్చు గానీ ఎడారికి దాయాదులు.

మొదటి రోజు ఆయనకేమీ కనబడలేదు. కనబడలేదంటే తంగేడు కనబడింది, పల్లేరు కనబడింది, జెముడు కనబడింది. కొత్తది ఏదీ లేదు. మైదానంలో పెరిగిన కన్ను పువ్వు కోసం ఎదురుగా, నడుము ఎత్తున వెతుకుతుంది. ఇక్కడి సరుకంతా పాదాల దగ్గరుంది.

రెండో రోజు పొద్దున బండ పగుల్లో ముళ్లపొద నీడన ఒకటి దొరికింది. నాలుగు పలకల కాడలు, చిటికెన వేలంత లావు, ఆకుల్లేవు. బూడిద కలిసిన పచ్చదనం. కాడలు కొసకి పోయేకొద్దీ సన్నబడ్డాయి. ఆ సన్నటి కొసల దగ్గర పూలు, వేలిగోరంతవి, తల కిందికి వంచుకుని. ముఖం చూడాలంటే మనిషి బండకి చెంప ఆనించాలి. ఆనించి చూశాడు. అయిదు రేకలు, పసుపు మీద ముదురు ఊదా గీతలు. రేకల అంచున కంటికి కనీకనబడని ఊదా వెంట్రుకలు. గాలి ఆడటం లేదు, అయినా అవి వణుకుతున్నాయి. కాసేపటికి అర్థమైంది, గాలి తన ముక్కులోంచే వస్తోందని. ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. అంత దగ్గర్నుంచి తీస్తే స్పష్టంగా వచ్చేది రెండు మూడు మిల్లీమీటర్ల మందమే. గీతలు కుదిరితే వెంట్రుకలు కుదరవు, వెంట్రుకలు కుదిరితే గుండె దడకి చెయ్యి కదులుతుంది. ఎండ తెల్లగా కొడుతుంటే పాత పంచె ముక్కని రెండు పుల్లలకి కట్టి పందిరేశాడు. పువ్వు వాసన చూసి ముక్కు ముడిచాడు. అది మనిషి కోసం పెట్టుకున్న వాసన కాదు, ఈగల కోసం.

అలా బోర్లా పడుకుని అరగంట అయ్యాక వెనక నుంచి గొర్రెల గంటలు, ఒక గొంతు.

“ఏం సామీ, ఏమన్నా పారేసుకుంటివా?”

“లేదు పెద్దాయనా, ఈ పువ్వు ఫోటో తీస్తన్నా.”

గొర్రెల పెద్దాయన వంగి చూశాడు. “ఇదా? కుందేటి కొమ్ములు గదా సామీ ఇవి. పొటోకేం పనికొస్తాయి, తినేదానికి గానీ.” అని, ఇంకా రెండు ఫోటోలు మిగిలి ఉన్న ఆ కాడనే పుటుక్కున విరిచి, పలకల అంచు గోటితో గీకి, సగం తన నోట్లో వేసుకుని సగం ఈయన చేతిలో పెట్టాడు. “తిను సామీ. రవ్వంత చేదుంటాది. మద్దేన్నం దాకా ఆకలి కాదు, దప్పి కాదు.”

తిన్నాడు. ముందు ఉప్పన, వెనక చేదు, నమిలితే నీళ్లు. పువ్వు కూడా ఆ పెద్దాయన నోట్లోకే పోయిందన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

ఆ పుటుక్కుమనే చప్పుడు ఆయనకి తెలిసిందే. చేబ్రోలు మామ్మ దారం తుంచినప్పుడు వచ్చేదీ అదే.

ఊరికి తిరిగొచ్చాక ఆ మొక్క పేరు వెతికాడు. కరల్లుమా. లాటిన్ అనుకున్నాడు, గ్రీకు అనుకున్నాడు. తీరా చూస్తే తెలుగు. స్కాట్లండ్ నుంచి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి ఇక్కడి మొక్కల్ని పరిశీలించాడు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. వాటిలో 300 బొమ్మలతో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పుస్తకం 1795లో మొదలై మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. అందులో ఈ మొక్క ఉంది. తెలుగువాళ్లు దీన్ని ‘కార్ అల్లం’ అంటారని రాక్స్‌బర్గ్ రాసుకున్నాడు. పచ్చికాడలే తింటారనీ రాశాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అనే మరో శాస్త్రవేత్త దీన్ని కొత్త ప్రజాతిగా విడదీసేటప్పుడు ఆ తెలుగు మాటకే లాటిన్ తోక తగిలించి ‘కరల్లుమా’ చేశాడు. ఆఫ్రికా, అరేబియా ఎడారి కొండల మీద పూసే దాని చుట్టాలకీ ఆ ప్రజాతి పేరే పెట్టారు. కారు అంటే అడవిది. కారుపోతులో ఉన్న కారు అదే. అడవి అల్లం అన్నమాట కావచ్చు. యెమెన్ కొండ మీద ఒక పువ్వుని కరల్లుమా అని పిలిచేవాడికి తాను తెలుగులో మాట్లాడుతున్న సంగతి తెలియదు.

పెద్దాయన చెప్పిన ఆకలి మాట కూడా ఊరికే పోలేదు. కరువుకాలంలో, మందల వెంట తిరిగేటప్పుడు కడుపు మాడకుండా తినే ఈ కాడనే ఇప్పుడు సారం తీసి మాత్రల్లో నింపి, ఆకలి చంపి బరువు తగ్గిస్తుందని అమెరికాలో అమ్ముతున్నారు. తిండి లేనివాడు ఆకలి మరవడానికి తిన్నది, తిండి ఎక్కువైనవాడు ఆకలి మరవడానికి కొంటున్నాడు.

ఈ మొక్కల పేర్ల వెనక గుంటూరువాళ్లకి తెలిసిన మరో దొర కూడా ఉన్నాడు. 1845లో అమరావతి స్తూపం తవ్వించి శిల్పాలు మద్రాసుకి తరలించిన వాల్టర్ ఇలియట్. ఆ రాళ్లని ఇప్పటికీ ఇలియట్ పేరుతో తలుచుకుంటారు. ఆయనే 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అని తెలుగు జిల్లాల మొక్కల పేర్ల పట్టిక ఒకటి మద్రాసులో అచ్చువేశాడు. తెలుగు పేరు, దానికెదురుగా లాటిన్ పేరు. రాళ్లు ఓడలెక్కి లండన్ వెళ్లిపోయాయి. పేర్లు మాత్రం రెండు చోట్లా ఉండగలవు, అచ్చులోనూ నోట్లోనూ. నోట్లో ఉన్నవి తగ్గిపోతున్నాయంతే.

చేబ్రోలు మనిషికి అక్కడ గుచ్చుకుంది. అరవై ఏళ్లు తెలుగు నేల మీద బతికి, ఆ పువ్వు పేరు కోసం ఫోన్లో లాటిన్ వెతికాడు. ఆ పెద్దాయన బడికెళ్లాడో లేదో తెలియదు గానీ మొక్క పేరు, రుచి, అది ఎన్ని గంటలు ఆకలి ఆపుతుందో కూడా చెప్పాడు. కెమెరాలో ఉన్న 214 ఫోటోల్లో ఇందులో ఒక్కటీ పడలేదు.

మళ్లీ వెళ్లాడు. ఈసారి తంగేడునే తీద్దామని. మొదటిసారి ‘తెలిసిందేలే’ అని దాటేసిన పువ్వు. ముందు కూర్చుని చూశాడు. తంగేడులో తేనె లేదు. వచ్చే తుమ్మెద పుప్పొడి కోసం వస్తుంది. పుప్పొడి తిత్తులకి కొసన సన్నటి రంధ్రాలే, ఊరికే వాలితే రాలదు. నల్లటి పెద్ద తుమ్మెద కేసరాల్ని కాళ్లతో వాటేసుకుని, రెక్కలు కదపకుండా ఒళ్లంతా జలదరిస్తుంది. అప్పుడు దాని రొద మారుతుంది. ఎగిరేటప్పుడు ‘భూం’ అన్నది పువ్వు పట్టుకోగానే ‘జీం’ అని పైస్థాయికి వెళుతుంది. ఆ అదురుకి పొడి రాలి, కొంత దాని పొట్ట కింద, కొంత వీపు మీద. పొట్ట కిందది అది దువ్వుకుని మూట కట్టుకుంటుంది. కాళ్లందని వీపు మీదది తర్వాతి పువ్వుకి చేరుతుంది. ఫోటోలో పసుపు పువ్వు మీద నల్ల తుమ్మెద వచ్చింది, బాగానే వచ్చింది. జీం రాలేదు.

ఆ ఫోటోనే కాలిఫోర్నియాలో ఉంటున్న మేనకోడలికి పంపాడు. ఆ పిల్ల వెంటనే తన ఫోన్లోంచి 2019 నాటి ఫోటోలు పంపింది. కొండ మొత్తం నారింజ రంగు దుప్పటి కప్పినట్టు పాపీ పూలు. “చూశావా మావయ్యా, దీన్ని సూపర్‌బ్లూమ్ అంటారు. మేం వెళ్లొచ్చిన వారానికే జనం తట్టుకోలేక దారి మూసేశారు.”

ఆ మాట నిజం. లేక్ ఎల్సినోర్ అనే చిన్న ఊరి పక్క వాకర్ కాన్యన్‌లో ఆ మార్చిలో పూసిన పాపీల కోసం జనం ఎగబడ్డారు. ఫోటోకి కూర్చోవడానికి పూలనే తొక్కారు, పూల మీదే పడుకున్నారు. ఊరు ఉక్కిరిబిక్కిరై దారులు మూసింది. 2023లో మళ్లీ పూసినప్పుడు అసలు ముందే తలుపులేసింది. అంతకుముందు 2016లో డెత్ వ్యాలీ అనే ఎడారి లోయలోనూ ఇలాంటి పూతే వచ్చింది. ఏడాదికి రెండంగుళాల వాన పడటం గొప్ప అయిన ఆ లోయలో 2015 అక్టోబరులో వరదలొచ్చాయి, నాలుగైదు నెలలకి నేలంతా పసుపు పూలు. అంతకుముందు అలా పూసింది 2005లో. నడుమ పదేళ్లు విత్తనాలు ఇసుకలో పడుకుని ఉన్నాయి.

ఆ పడకని 1940లలో ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రవేత్త పరీక్షించి చూశాడు. ఎడారి మట్టిని ప్రయోగశాలకి తెచ్చి అడుగు నుంచి నీళ్లు పీల్చుకోనిచ్చాడు, మొలవలేదు. పైనుంచి వానలా కురిపించాడు, మొలిచాయి. అదీ నాలుగు చినుకులకి కాదు, సుమారు అర అంగుళం పైన పడితేనే. విత్తనం చుట్టూ మొలకని ఆపే పదార్థాలుంటాయి. అవి కొట్టుకుపోయేంత వాన పడితే, మొక్క పెరిగి పూసి గింజ కట్టేదాకా తడి ఉంటుందని లెక్క. మొదటి జల్లుకే వేరుశనగ వేసి, తర్వాత ఆకాశం వంక చూస్తూ కూర్చున్న అనంతపురం రైతుకి ఈ లెక్క చెబితే, ఆ విత్తనం నాకూ కావాలంటాడు.

మన గుట్టలకి అలాంటి సూపర్‌బ్లూములు లేవు. ఒక్కసారిగా కొండంతా రంగు మారడం ఉండదు. ఇక్కడ పూత కార్తెల వారీగా వంతులేసుకుని వస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో చెట్టుకి ఒక్క ఆకు లేనప్పుడు కొండగోగు అరచేయంత పసుపు పూలు పూస్తుంది. ఆ చెట్టు బంకని ఇంగ్లీషు శాస్త్ర పత్రాల్లోనూ ‘గమ్ కొండగోగు’ అంటారు, ఇంకో తెలుగు మాట ఓడెక్కిందన్నమాట. ఆ రోజుల్లోనే మోదుగ. నడి ఎండల్లో నక్కవుల్లి ఆకు లేకుండానే నేలలోంచి కాడ తీస్తుంది. మృగశిర, ఆరుద్ర దాటాక అడవినాభి పొదలకి పాకి, మంటల్లా పైకి లేచిన రేకలతో ఎర్రబడుతుంది. వానలు వెనకబడుతుంటే కుందేటి కొమ్ములు. ఏ వారం వెళ్లినా ఏదో ఒకటి ఉంటుంది, ఏ వారం వెళ్లినా కొండ బోడిగానే కనిపిస్తుంది.

“మావయ్యా, నీ ఫోటోల్లో ఎప్పుడూ ఒక్క పువ్వే ఉంటుందేం?” అంది మేనకోడలు. ఒక్కటే ఉందమ్మా, దాన్నీ తినేశారు అని ఆయన జవాబు.

కిందటి ఆశ్వయుజంలో ఒక పొద్దున ఆయన బ్రహ్మ గుడి కోనేటి గట్టు మీద నడుస్తున్నాడు. కెమెరా ఇంట్లో ఉంది. రాళ్ల సందున నేలబారున పాకిన తీగ, దాని మీద చొక్కా గుండీ కన్నా చిన్న నీలం పువ్వులు అయిదారు. చిన్నప్పటి నుంచీ నడిచిన గట్టే. మోకాళ్ల మీద కూర్చున్నాడు, చాలక చెంప ఆనించాడు.

“ఏం పోయింది తాతయ్యా?” సైకిల్ మీంచి ఒక పిల్లాడు.

“ఏం పోలేదురా. ఇదేంటో తెలుసా?”

పిల్లాడు వంగి చూసి “గడ్డి” అన్నాడు.

పూలబుట్ట మామ్మ అక్కడి నుంచే కేకేసింది. “గడ్డేంటిరా, విష్ణుక్రాంతం. మొన్న చవితికి పత్రిలో కట్టి ఇవ్వలా మీ అమ్మకి?” అని వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టింది. విష్ణుక్రాంతం, ఉత్తరేణి, వాకుడు, ఉమ్మెత్త, జిల్లేడు. చవితి పత్రి ఇరవై ఒకటిలో సగానికి పైగా ఎవరూ పనిగట్టుకుని పెంచనివే. ఏడాదికోసారి పిల్లల్ని గట్ల వెంట, దిబ్బల వెంట పంపి గుర్తుపట్టించే పాఠం చేబ్రోలులోనూ ఉండేది. ఇప్పుడది కట్టగా కట్టి బజారుకొస్తోంది.

ఆయన గబగబా ఇంటికెళ్లి, కెమెరా సంచీ, పంచె ముక్క, పుల్లలు సర్దుకుని, దారిలో ఎవరో ఆపి పెన్షన్ సంగతి అడిగితే చెప్పి, తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. గట్టు మీద తీగ ఉంది. పువ్వు ఒక్కటి లేదు, అన్నీ ముడుచుకుపోయి పచ్చ పుల్లల్లో కలిసిపోయాయి.

మామ్మ బుట్ట మీద తడిగుడ్డ సర్దుకుంటోంది. “ఎండెక్కితే అంతే నాయనా, కళ్లు మూసుకుంటాయి. రేప్పొద్దున ఏడింటికల్లా రా” అంది. ఆయన సంచీ భుజానికి తగిలించుకుని, వచ్చినందుకు ఒక మూర మల్లెలు కొన్నాడు.